తొలి మేత

బొచ్చె చేప గుడ్డు పగిలి పిల్ల బయటపడే వేళకు దానికి నోరు తెరుచుకుని ఉండదు. ఒళ్ళంతా కలిపి సుమారు 5 మిల్లీమీటర్లు. అవతలి వైపు కనపడేంత పల్చగా ఉంటుంది, కడుపు కింద సొన సంచి వేలాడుతుంటుంది. ఆ సొనే దాని మూడు రోజుల గ్రాసం. మూడో రోజుకు సంచి దాదాపు కరిగిపోతుంది. ఈలోగా నోరు తెరుచుకుంటుంది, కళ్ళకు చూపు వస్తుంది, గాలితిత్తి నిండి పిల్ల నిలకడగా ఈదడం మొదలుపెడుతుంది. సరిగ్గా ఆ పూటే హేచరీవాళ్ళు దాన్ని స్పాన్ అని కప్పులతో కొలిచి, ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పోసి బండి ఎక్కిస్తారు. కైకలూరు వైపు నుంచి బయలుదేరిన అలాంటి సంచి అద్దంకి చుట్టుపక్కల ఏ చెరువు గట్టు మీదో విప్పేసరికి, లోపలి పిల్లలకు అమ్మ ఇచ్చిన సొన అయిపోయి ఉంటుంది.

ఇక తినాలి. ఒకటి రెండు రోజులు మేత దొరక్కపోతే పిల్ల వెంటనే చచ్చిపోదు. నీరసించిపోతుంది. ఆ తర్వాత మేత కళ్ళెదుటికి వచ్చినా వెంటపడి పట్టుకునే సత్తువ ఉండదు. బతికే ఉన్నా, దాని పని అప్పటికే అయిపోయినట్టు. నర్సరీ చెరువులో వేసిన స్పానులో నూటికి 30 నుంచి 50 బతికితే మంచి దిగుబడి కిందే లెక్క. మిగతావాటిలో కొన్నిటిని పురుగులు తింటాయి, కొన్ని నీళ్ళు పడక పోతాయి. కానీ చాలా పిల్లలు పోయేది ఆకలితోనే అని నా నమ్మకం. ఆకలి చావు రైతు కంటికి కనపడదు. 6 మిల్లీమీటర్ల పిల్ల చచ్చి నీటిపైన తేలదు, అడుగున బురదలో కలిసిపోతుంది. వల లాగిన రోజున లెక్క తగ్గితే విత్తనం మంచిది కాదని హేచరీని తిట్టుకుంటాం.

మెత్తగా దంచిన తవుడూ వేరుశనగ చెక్కా చల్లితే సరిపోదా అని రైతు అడగడం సహజమే. పిల్ల ఒళ్ళు ఎలా తయారైందో చూస్తే జవాబు అక్కడే ఉంది. బొచ్చెకు, శీలావతికి, ఎర్రమోసుకు జీర్ణాశయం అనేది అసలు లేదు, పెద్దయ్యాక కూడా రాదు. గొంతు దాటితే ఇక పేగే. పెద్ద చేపకు ఆ పేగు చుట్టలు చుట్టుకుని ఒంటి పొడవుకు ఎన్నో రెట్లు ఉంటుంది. మూడు రోజుల పిల్లకు మాత్రం అది చిన్న నిటారు గొట్టం, అందులో ఊరే జీర్ణరసాలు కొద్ది. ఆ కాస్త దూరంలో, ఆ కాస్త సేపట్లో అరిగేది మెత్తటి, నీరు నిండిన, పచ్చి జీవమే. తవుడు పొడి అందులోంచి అలాగే జారిపోతుంది. పైగా పొడి కదలదు. ఈ వయసు పిల్ల ఆహారాన్ని వాసనను బట్టి వెతకడం తక్కువ, కళ్ళముందు కదిలినదాని మీదకు ఉరకడం ఎక్కువ. నీటిలో ఊరికే కిందికి దిగిపోయే తవుడు నలుసు దాని దృష్టిలో తిండే కాదు.

అలాగని తవుడూ చెక్కా దండగ అనలేం. హెక్టారుకు 30 నుంచి 50 లక్షల స్పాన్ పోస్తే, నీటిలో పుట్టిన మేత నాలుగైదు రోజుల్లో పల్చబడుతుంది, అప్పుడు పైమేత ఆదుకుంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మొదటి రోజుల్లో చల్లిన చెక్క పొడిలో పెద్ద భాగం పిల్ల నోటికి చేరదు. నీటిలో నాని, కుళ్ళి, సూక్ష్మజీవులకు ఆహారమై, వాటిని తినే పురుగులకు బలమై, ఆ పురుగుల ద్వారా చేపపిల్లకు అందుతుంది. రైతు చేపకు మేత వేశాననుకుంటాడు కానీ, నిజానికి చేప మేతకు మేత వేస్తున్నాడు.

ఆ పురుగులెవరో దగ్గరగా చూడాలి. నర్సరీ చెరువు నీళ్ళు ఒక గాజు గ్లాసులో తీసుకుని ఎండకు అడ్డంగా పట్టండి. కాస్త చూపు నిలిపితే దుమ్ము అనుకున్నది కదులుతుంది. కుదుపులు కుదుపులుగా పైకి ఎగిరి, మెల్లగా కిందికి జారి, మళ్ళీ ఎగిరేది మోయినా. దాని అన్న డాఫ్నియా ఇంకొంచెం పెద్దది. నిలబడి నిలబడి, ఒక్కసారిగా బాణంలా దూసుకుపోయేది సైక్లాప్స్. నారికురుపు రోజుల్లో దిగుడుబావుల్లో తాగునీటిని గుడ్డతో వడకట్టమని ఆరోగ్య శాఖవాళ్ళు ఊరూరా చెప్పింది దీని గురించే. నారిపురుగు పిల్లను మోసుకొచ్చేది సైక్లాప్సే. 2000లో దేశం ఆ జబ్బు నుంచి బయటపడింది. మూడోది రోటిఫర్, కంటికి కనపడదు. 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల జీవి. తల చుట్టూ సన్నటి వెంట్రుకలు చక్రం తిరిగినట్టు ఆడుతూ నీటిని లోపలికి లాక్కుని, అందులోని నాచు కణాలను వడగట్టుకుంటుంది.

బొచ్చె పిల్లకు తొలిముద్ద రోటిఫరే. రెండు మూడు రోజులు పోయి నోరు కాస్త పెద్దదయ్యాక, అప్పుడే పుట్టిన 0.4 మిల్లీమీటర్ల మోయినా పిల్లలు. వారం దాటాక నిండుగా ఎదిగిన మోయినాలు. భూతద్దం కింద పెడితే పిల్ల ఒళ్ళు పారదర్శకం కాబట్టి పేగు బయటికే కనిపిస్తుంది. మేత పట్టిన పిల్లకు ఆ గొట్టం నిండా రంగు ఉంటుంది, ఒక్కోసారి లోపల మోయినా నల్లటి కన్ను చుక్కలు కూడా లెక్కపెట్టవచ్చు. ఖాళీ పేగున్న పిల్ల ఎంత చురుగ్గా ఈదుతున్నా మర్నాటికి నమ్మకం లేదు. నర్సరీ నడిపే ప్రతి ఒక్కరి జేబులోనూ పది పదిహేను రూపాయల మందుపొట్లాం కన్నా ముందు ఒక భూతద్దం ఉండాలంటాను.

మోయినా గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఈ అధ్యాయానికి కథానాయిక అదే. మంచి రోజుల్లో మోయినాలన్నీ ఆడవే. మగతోడు లేకుండానే వీపు మీది సంచిలో గుడ్లు పెట్టి, అక్కడే పొదిగి, పిల్లల్ని కంటాయి. మన వేసవి నీటి వేడిలో పుట్టిన నాలుగైదు రోజులకే తల్లి అవుతుంది, ఆ తర్వాత ఒకటిన్నర రెండు రోజులకో కాన్పు. పొడి బరువులో సగం దాకా మాంసకృత్తులే. నీటిలో ప్రాణవాయువు తగ్గితే ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుని ఎర్రబారుతుంది. తెల్లవారుజామున చెరువు మూలల్లో ఎర్రటి మబ్బులా తేలితే, అక్కడ మేత సమృద్ధిగా ఉందనీ, గాలి కరువుగా ఉందనీ రెండూ ఒకేసారి తెలుస్తాయి.

పరిస్థితి చెడిందంటే, అంటే తిండి తగ్గినా, కిక్కిరిసిపోయినా, నీరు ఇంకిపోతున్నా, అప్పుడు మగవి పుడతాయి. జత కూడాక పెట్టే గుడ్డు వేరు. దానికి నల్లటి గట్టి తొడుగు ఉంటుంది. తల్లి చచ్చినా, చెరువు ఎండినా, మట్టి నెర్రెలిచ్చినా ఆ గుడ్డు బురదలో కాచుకుని ఉంటుంది. రోటిఫర్లూ ఇదే పద్ధతిలో గుడ్లను దాస్తాయి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక సరస్సు అడుగు బురదలోంచి తీసిన డాఫ్నియా గుడ్లను శాస్త్రవేత్తలు పొదిగించి, వాటిలో ఆరేడు వందల ఏళ్ళ నాటివి కూడా ఉన్నాయని 2014లో ప్రకటించారు. ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధాని చేసుకుని ఏలిన కాలం దాదాపు అదే. మన ఎండలకు గుడ్లు అన్నేళ్ళు నిలుస్తాయని అనను. ఒక వేసవి దాటితే చాలు.

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఈ అద్దంకి నేలలో చెరువులు ఎక్కువగా వాననీటివి, లేదంటే సాగర్ కుడి కాలువ నుంచి వచ్చే అద్దంకి బ్రాంచి కాలువ నీటివి. శింగరకొండ పక్కన భవనాసి చెరువైనా, ఊళ్ళలో పేరులేని కుంటలైనా, వేసవిలో అడుగంటడం కొత్త కాదు. నల్లమట్టి పలకలు పలకలుగా లేస్తుంది. పూడిక మట్టిని ట్రాక్టర్లలో మిరప చేలకు తోలుకుంటారు. ఎండిన ఆ మట్టి పిడికెడు తీసుకుని ఒక గాజు సీసాలో వాననీటిలో నానబెట్టి, నీడలో వారం రోజులు ఉంచితే అందులో చిన్న చిన్న ప్రాణాలు ఎగరడం బడిపిల్లలు కూడా చూడవచ్చు. మేత కొని తేనక్కర్లేదు. విత్తనం చెరువులోనే ఉంది, దాన్ని లేపడమే పని.

లేపే పద్ధతి పాతదే. చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, పేడ వేయడం తాతల నాటి నుంచీ ఉంది. మన దేశంలో దానికి శాస్త్రీయమైన కొలతలు వచ్చింది మాత్రం చేప విత్తనం చేతిలోకి వచ్చాక. అంతకుముందు వరదల్లో ఏటి నీటిని వడకట్టి పిల్లల్ని పట్టేవారు, అందులో పనికొచ్చే జాతి ఎంతో, పనికిరానిది ఎంతో ఎవరికీ తెలిసేది కాదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి రసం ఎక్కించి, బొచ్చె కుటుంబానికి చెందిన మన కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. కె.హెచ్. అలికున్హితో కలిసి ఆ ఫలితాలను ప్రచురించారు. ఆ రోజునే ఇప్పుడు జాతీయ చేపల రైతు దినంగా జరుపుకుంటున్నాం. అక్కడి నుంచి ఒక్కో తల్లిచేప కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు రాబట్టడం మామూలైపోయింది. గుడ్ల కరువు తీరింది. పుట్టిన పిల్లకు మొదటి పదిహేను రోజులు ఏం పెట్టాలన్నదే అసలు ప్రశ్నగా మిగిలింది.

భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి చేపల పెంపకం సంస్థ, సిఫా, సూచించే లెక్క ఇది. హెక్టారు నర్సరీకి వేరుశనగ చెక్క 750 కిలోలు, పచ్చి పేడ 200 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 50 కిలోలు. అంతా నీటిలో కలిపి చిక్కటి ముద్దగా నానబెట్టి, సగం స్పాన్ వేయడానికి రెండు మూడు రోజుల ముందు చెరువంతా చల్లాలి. మిగతా సగం విడతలుగా, నీటిలో మేత చూసుకుంటూ. ఒకేసారి బండ్లకొద్దీ పేడ దిమ్మరిస్తే నీళ్ళు కుళ్ళి తెల్లవారేసరికి గాలి అందక పిల్లలు పోతాయి. ఎరువు తగ్గినప్పటికన్నా ఎక్కువైనప్పుడే నర్సరీలు ఎక్కువ పాడవుతాయని నా అభిప్రాయం.

మేత ఎంతుందో కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. చెరువులో నాలుగైదు చోట్ల నుంచి మొత్తం 50 లీటర్ల నీటిని సన్నటి పట్టుగుడ్డ వలలోంచి వడకట్టి, వడకట్టిన మడ్డిని ఒక సన్న గాజు గొట్టంలో పోసి చిటికెడు ఉప్పు వేస్తే పావుగంటలో పురుగులన్నీ అడుక్కి దిగుతాయి. ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు ఉంటే స్పాన్ పోయవచ్చు. దిగిన మడ్డి బూడిద, లేత గోధుమ రంగుల్లో ఉంటే జంతు ప్లవకం, అంటే మనకు కావలసిన పురుగులు, పచ్చగా ఉంటే నాచు.

ఇక్కడ సమయం కుదరాలి. కొత్తగా నీరు పెట్టిన చెరువులో మొదట పెరిగేది రోటిఫర్లు. వాటికి పుట్టిన రెండో రోజుకే సంతానం. ఆ వెనక మోయినాలు వచ్చి అదే నాచు కోసం పోటీపడి రోటిఫర్లను తగ్గిస్తాయి. ఆ వెనక సైక్లాప్సులు. ఎదిగిన సైక్లాప్స్ మూడు రోజుల చేపపిల్లను పట్టి కొరుకుతుంది కూడా. కాబట్టి స్పాన్ ఆలస్యమైతే మేత కావలసినవే వేటగాళ్ళవుతాయి. తొందరపడితే పళ్ళెం ఖాళీ. నీరు పెట్టిన రోజుకు, స్పాన్ బండి వచ్చే రోజుకు మధ్య ఎడం ముందే నిర్ణయించుకోవాలి. హేచరీ నుంచి ఫోన్ వచ్చాక చెరువు నింపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళ శ్రమ చూస్తే బాధేస్తుంది. ఇంకో శత్రువు గాలి పీల్చే నీటిపురుగులు. వెల్లకిలా ఈదే పురుగులు, నీటి పెంకుపురుగులు రాత్రికి రాత్రి వేలకొద్దీ పిల్లల్ని పీల్చేస్తాయి. హెక్టారుకు 56 కిలోల చౌక నూనెను 18 కిలోల సబ్బుతో చిలికి, గాలిలేని వేళ నీటిపైన చల్లితే, పైకి వచ్చి గాలి పీల్చే పురుగుకు ఆ పొర అడ్డుపడి చస్తుంది. నీటిలోనే ఊపిరి తీసుకునే మోయినాకు, రోటిఫర్‌కు ఏమీ కాదు. స్పాన్ వేయడానికి 12 నుంచి 24 గంటల ముందు ఈ పని ముగించాలి.

ఇంతవరకూ చెప్పినది కొల్లేరు ప్రాంతానికైనా, ఖమ్మం జిల్లాకైనా సరిపోతుంది. అద్దంకి నేలకు మరో మాట చెప్పాలి. ఇది పత్తి, మిరప పండే నేల. 1987–88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసి గుంటూరు, ప్రకాశం రైతులను అప్పుల్లో ముంచి, ప్రాణాలు తీసిన ఏడాది ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. 2021లో నల్ల తామర పురుగు మిరప పూలను పట్టినప్పుడూ రైతు దొరికిన మందల్లా కొట్టాడు. కొట్టక ఏం చేస్తాడు? ఆ మందు ఆకు మీద కొంతే నిలుస్తుంది. వాన పడితే మిగతాది బోదెల్లోంచి వాగులోకి, వాగు నుంచి చెరువులోకి దిగుతుంది.

చెరువులో చేప తేలితే అందరికీ తెలుస్తుంది, గొడవ జరుగుతుంది. చేప తేలని సందర్భాలే నన్ను ఎక్కువగా కలవరపెడతాయి. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కూడా లేనప్పుడే డాఫ్నియా జాతిని చంపగలవు. చేప చావడానికి కావలసిన మోతాదు దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. రోటిఫర్లు మాత్రం ఆ మందులకు చాలావరకు తట్టుకుంటాయి. దీని ఫలితం ఆలోచించండి. స్పాన్ వేస్తాం. రోటిఫర్లు ఉన్నాయి కాబట్టి పిల్లలు మొదటి మూడు నాలుగు రోజులు తిని హుషారుగా తిరుగుతాయి. అప్పటికి మోయినాలు అందుకోవాలి, అవి లేవు. నోరు పెరిగిన పిల్లకు రోటిఫర్ వేట గిట్టుబాటు కాదు. వారానికల్లా మంద పల్చబడుతుంది.

ఇందులో ఇంకా మోసపూరితమైనది నీటి రంగు. నాచును మేసే మోయినా చచ్చిపోతే నాచు అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. క్లోర్‌పైరిఫాస్ వేసిన ప్రయోగపు చెరువుల్లో యూరప్ శాస్త్రవేత్తలు చూసింది ఇదే. గట్టు మీద నుంచి చూసే రైతుకు నీళ్ళు ఇదివరకటి కన్నా పచ్చగా, నిండుగా కనిపిస్తాయి. మేత బాగా తిరిగిందనుకుంటాడు. నిజానికి మేసేవాళ్ళు లేక తోట అడవి అయింది.

రోటిఫర్లను వదిలి పెద్ద పురుగులను చంపే ఈ మందుల గుణాన్ని చేపల పెంపకందారులు తమకు అనుకూలంగా వాడుకున్న కాలం కూడా ఉంది. హంగరీలోనూ మరికొన్ని దేశాలలోనూ స్పాన్ వేసే ముందు నర్సరీలో ట్రైక్లోర్‌ఫాన్ అనే ఇలాంటి మందునే అతి తక్కువ మోతాదులో వేసి, సైక్లాప్సులనూ డాఫ్నియాలనూ తొలగించి, రోటిఫర్లకు దారి చేసేవారు. నాలుగైదు రోజులకు మందు విరిగిపోయాక పక్క చెరువు నుంచి మోయినాలను తెచ్చి కలిపేవారు. అక్కడ మందు మోతాదు, రోజు, విరుగుడు మనిషి చేతిలో ఉన్నాయి. మన చేల నుంచి దిగే మందుకు మోతాదూ లేదు, వేళా లేదు. ట్రైక్లోర్‌ఫాన్‌ను మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు కూడా.

చేతనైనంతలో రైతు చేయగలిగింది వేళ చూసుకోవడం. జూన్, జూలైలలో తొలకరితో వేసే నర్సరీకి ఈ బెడద తక్కువ. పత్తి అప్పుడే మొలకెత్తుతుంది, మిరప నారుమడిలో ఉంటుంది. సెప్టెంబరు, అక్టోబరులో చెరువులు నిండాయని స్పాన్ తెచ్చేవాళ్ళకే ప్రమాదం ఎక్కువ. అప్పటికి చేలలో పిచికారీలు జోరు మీద ఉంటాయి. అలాంటప్పుడు స్పాన్ బదులు కాస్త డబ్బు ఎక్కువైనా రెండు మూడు అంగుళాల పిల్లల్ని తెచ్చుకోవడమే మేలు. వాటికి పైమేత అరుగుతుంది, మోయినా మీదే ప్రాణం నిలబెట్టుకోవలసిన అవసరం ఉండదు.

కొర్రమీను విషయం వేరు. తెలంగాణ రాష్ట్ర చేప ఇది. మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి మైదానంలో చేప మందు వేసేది దీని పిల్లతోనే. ఎర్రటి పిల్లల గుంపును తల్లీతండ్రీ కింద నుంచి కాపలా కాస్తూ తిప్పడం చెరువు గట్టున పెరిగినవాళ్ళంతా చూసి ఉంటారు. కార్పు పిల్ల పదిహేను రోజులకు తవుడుకు అలవాటు పడుతుంది. కొర్రమీను పుట్టువేటగాడు, కదలని దాన్ని ముట్టదు. మోయినాలతో మొదలుపెట్టి, తర్వాత ట్యూబిఫెక్స్ పురుగులు, ఆ తర్వాత సన్నగా తరిగిన చేప మాంసం, దానిలో రోజురోజుకూ కాస్త కాస్త గుళికల మేత కలుపుతూ మరిపించాలి. ఈ మరిపింపులో తొందరపడితే పిల్లలు ఒకదాన్నొకటి మింగుతాయి. రెండు రోజులకోసారి జల్లెడ పట్టి పెద్దవాటిని వేరుచేయడం తప్పదు. మోయినాకు బదులు ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి పిల్లలను కొని పెట్టేవాళ్ళూ ఉన్నారు. గుడ్లు డబ్బాలో నిల్వ ఉంటాయి, ఉప్పునీటిలో ఒక రోజులో పొదుగుతాయి, ఆ సౌకర్యం కాదనలేనిది. కానీ డబ్బా ఖరీదు, మంచినీటిలో అవి ఎక్కువసేపు బతకకపోవడం, తినకుండా వదిలేసినవి చచ్చి నీరు చెడగొట్టడం చూస్తే, ఇంటి వెనక కుడితి తొట్టిలో పెంచుకునే మోయినాకే నా ఓటు.

ఆ తొట్టి మరో పనికీ వస్తుంది. కొత్త రసాయనం నీటికి ఎంత చేటో తేల్చడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు చేసే మొదటి పరీక్ష, ఒక రోజు వయసు దాటని డాఫ్నియా పిల్లలను ఆ నీటిలో 48 గంటలు ఉంచి, ఎన్ని కదలడం మానేశాయో లెక్కపెట్టడం. దాన్నే గట్టు మీద చేయవచ్చు. స్పాన్ బండికి చెప్పే ముందు రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో చెరువు నీరు, మరోదానిలో మోయినా పెరిగే తొట్టి నీరే గుడ్డలో వడకట్టి పోయండి. రెంటిలోనూ సన్నటి గరిటెతో ఇరవయ్యేసి మోయినాలను వదిలి నీడలో పెట్టండి. మర్నాడు ఒకసారి, ఎల్లుండి ఒకసారి సీసాను మెల్లగా కదిపి చూడండి. తొట్టి నీటిలోవి ఎగురుతూ చెరువు నీటిలోవి అడుగున పడి ఉంటే, నీళ్ళు ఎంత పచ్చగా ఉన్నా ఆ వారం స్పాన్ వేయకండి. రెంటిలోనూ ఎగురుతుంటే కైకలూరుకు ఫోన్ చేయవచ్చు. సీసాలో మిగిలిన మోయినాలను మాత్రం పారబోయకండి, నర్సరీలోనే ఒక మూల వదలండి.